వదిన షెడ్డుకు కొత్త ముక్కు

మహేశ్వరం,
ఆగస్టు చివర

మా ఆడబిడ్డ అఖిలకు,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మీ అమ్మ సంగతి నీకు తెలుసు. నేను నీకు ఫోన్ చేస్తే పక్కన వచ్చి కూర్చుంటుంది. స్పీకర్ పెట్టమంటుంది. బిడ్డతో తానూ రెండు మాటలు మాట్లాడతానని మొత్తం తానే మాట్లాడుతుంది. ఇంటికి నువ్వు వచ్చినా అంతే, మనకు మూల దొరకదు. ఇప్పుడు చెప్పే మాట అత్తమ్మ వినకూడదు. మీ అన్న అసలే వినకూడదు. అందుకని దాణా వ్యాన్ లక్ష్మణ్ చేతికిస్తున్నాను. అతను మీ గగన్‌పహాడ్ గోదాములోనే కదా లోడు ఎత్తేది. కవరు చూసి "ఏంది వదినా, లవ్ లెటరా?" అన్నాడు. "అవ్, మా ఆడబిడ్డకు. చింపి చూసినవో, నీ సంగతి చెప్త" అన్నాను.

సరే, అసలు మాట. నాకు వాసన తెలియడం లేదు అఖిలా. పోయిన ఏడాది ఆ జ్వరం వచ్చింది చూడు, అప్పుడు పోయింది. అందరికీ నెలలో తిరిగొచ్చిందన్నారు కదా, నాకూ వస్తుందని ఊరుకున్నాను. రాలేదు. మల్లెపూలూ ఒకటే, మురికి కాలువా ఒకటే.

నువ్వు నవ్వుతావేమో గానీ నా కోళ్ల షెడ్డంతా నా ముక్కు మీద నడిచేది. పొద్దున తలుపు తీయగానే తెలిసేది, కింద పరిచిన ఊక తడిసిందా, ఘాటు ఎక్కుతోందా, షెడ్డు పక్కల పరదాలు ఎంత ఎత్తాలి అని. ఇప్పుడు తలుపు తీస్తే ఏమీ లేదు, గోడ ముందు నిలబడ్డట్టే ఉంది. పోయిన బ్యాచ్‌లో నా కళ్లు మండేదాకా నాకు తెలియలేదు. నా కళ్లు మండేసరికి కోడిపిల్లల కళ్లు పోయాయి. సగానికి సగం దాణా కనబడక తిరిగాయి. పిల్లలిచ్చే కంపెనీ సూపర్‌వైజర్ మీ అన్నతో చెప్పి వెళ్లాడు, కార్తీకంలో ఇంకో బ్యాచ్ ఇస్తాం, అదీ ఇట్లనే అయితే ఇక ఇవ్వం అని. మీ అన్న ఏమన్నాడో తెలుసా? "అయితే మంచిదే, షెడ్డు గోదాముకు కిరాయికిద్దాం. ఎయిర్‌పోర్టు పార్సిళ్లోళ్లు అడుగుతున్నరు" అన్నాడు.

ఆ షెడ్డు నేను పెట్టించింది. ఇటుక ఇటుకకూ నిలబడి కట్టించాను. దాంట్లో అట్టపెట్టెలు పేర్చి, నేను ఇంట్లో కూర్చుని టీవీ చూడాలా?

మీ చిన్నాన్న కూతురు శిరీష పెళ్లిలో నువ్వేదో వాయువును పసిగట్టే మిషన్ చేస్తున్నానని చెప్పావు. సగం నాకు అర్థం కాలేదు, మిగతా సగం నేను వినలేదు. ఇప్పుడు మళ్లీ చెప్పు. వింటాను.

నీ వదిన,
కవిత

*

గగన్‌పహాడ్,
సెప్టెంబరు మొదటివారం

వదినా!

నీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఏడాది! ఏడాది ఎవరికీ చెప్పకుండా ఎట్లా ఉన్నావు? ముందు ముక్కు డాక్టరుకు చూపించుకో. శంషాబాద్‌లో ఉన్నారు. నా దగ్గరికి వస్తున్నానని ఇంట్లో చెప్పి రా, నేను తీసుకెళ్తాను.

కోపం అయిపోయింది. ఇప్పుడు విను, ఎందుకంటే నీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచి గది చుట్టూ తిరిగాను. మేం ఇక్కడ తయారు చేసేది నీ షెడ్డుకు కావలసినదే!

మాది చిన్న కంపెనీ. స్వర్ణలత మేడమ్, నేను, ఫర్నేస్ చూసుకునే బుచ్చయ్య అన్న, ఒక రేకుల షెడ్డు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్ అని బడిలో చదువుకున్నావు కదా. అది పొరల మీద పొరలు. అందులో ఒకే ఒక్క పొరను గ్రాఫీన్ అంటారు. దానికన్నా పల్చనిది ఇక చెయ్యలేరు, ఎందుకంటే అది ఒక్క పరమాణువు మందం. పొర అంత పల్చన కాబట్టి దాని మీద అమోనియా వచ్చి వాలితే చాలు, అందులో పారే కరెంటు మారిపోతుంది. షెడ్డులో నీ కళ్లు మండించేది ఆ అమోనియానే. కరెంటు మారిన వెంటనే బల్బు వెలిగేలా చేస్తే అదే నీ ముక్కు.

చేసే పద్ధతి కూడా చెప్తాను, వింటానన్నావు కదా. పొడుగాటి క్వార్ట్జ్ గొట్టంలో రాగి రేకు పెట్టి, గాలి తీసేసి, ఎర్రగా కాలుస్తాం. హైడ్రోజన్‌తో పాటు కొంచెం మీథేన్ పంపిస్తాం. ఆ వేడికి మీథేన్ విరిగి అందులోని కార్బన్ రాగి మీద పొరగా పరుచుకుంటుంది. తర్వాత రాగిని కరిగించేస్తే పొర నీళ్ల మీద తేలుతుంది. పాల మీది మీగడను తీసినట్టు గాజుబిళ్లతో తీయాలి. మొదట్లో నేను తీసినవన్నీ చిరిగాయి. ఇప్పుడు మేడమ్ కన్నా నేనే బాగా తీస్తున్నాను. ఆ మాట ఆమే అన్నారు.

బజారులో దొరికే అమోనియా మీటర్లు ఉన్నాయి. కానీ కోళ్ల షెడ్డులో రోజంతా ఆ ఘాటులో ఉంచితే కొన్నాళ్లకే పాడైపోతాయి. అందుకే మా తిప్పలు.

ఒక్కటే చిక్కు. మా గ్రాఫీన్ ఎంత అందంగా వస్తోందంటే దానికి అమోనియా అంటడమే లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించని కొత్తకోడలి లాగా ఉంది. (నిన్ను కాదులే.) పరవాలేదు, కార్తీకం దాకా టైముంది. నేను చేస్తాను వదినా. ఒట్టు.

అఖిల

*

మహేశ్వరం,
సెప్టెంబరు మధ్యన

కొత్తకోడళ్లను అనే ఆడబిడ్డకు,

నేను కోడలిగా వచ్చిన రోజు నువ్వు నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. నేనెట్లా పలకరించకుండా ఉంటాను?

డాక్టరు దగ్గరికి నీతోనే వచ్చాను కదా, మళ్లీ రాయడమెందుకు. అయినా నీ ముందు అనలేదు గానీ, "రావచ్చు, రాకపోవచ్చు" అనడానికి అంత చదువు చదవాలా? రోజూ లవంగం, నిమ్మతొక్క వాసన చూడమన్నాడు. చూస్తున్నాను. అత్తమ్మ నాకేదో వ్రతం అనుకుంటోంది.

ఇంట్లో ఎట్లా నెట్టుకొస్తున్నానంటే, పోపు వేసినప్పుడు ఆవాల చప్పుడు వింటాను. పాలు పొంగేదాకా అక్కడే నిలబడతాను. అన్నం మాడితే తెలియదు కాబట్టి మంట పెంచను. "ఈమధ్య కవిత చేతికి నిదానం వచ్చింది" అని మీ అమ్మ మెచ్చుకుంటోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వంటింట్లో ఎట్లాగో సర్దుకోవచ్చు. షెడ్డులో కుదరదు. చలికాలంలో పరదాలు దించకపోతే పిల్లలు చలికి చస్తాయి. దించితే ఘాటు లోపలే ఆగిపోతుంది. ఎప్పుడు ఎంత ఎత్తాలో ముక్కు చెప్పాలి. మీ అన్న ఆ సూపర్‌వైజర్‌తో "ఈమెకు ఇగ శ్రద్ధ తగ్గింది" అన్నాడట. లక్ష్మణ్ చెప్పాడు. ఆ మాటకు నేను రెండు రోజులు సరిగ్గా తినలేదు. శ్రద్ధ తగ్గలేదని చెప్పాలంటే ముక్కు సంగతి చెప్పాలి. చెప్తే "వాసన తెలియని దానికి షెడ్డెందుకు" అని గోదాము వాళ్లకు అదే రోజు తాళంచెవి ఇస్తాడు.

కాబట్టి నీ అందమైన పొరకు కొంచెం బుద్ధి చెప్పు.

కవిత

*

గగన్‌పహాడ్,
దసరా అయిన మూడోనాడు

వదినా,

మనసేం బాగాలేదు. మీథేన్ సిలిండర్ ఖాళీ అయింది, పండగ సెలవుల వల్ల కొత్తది వచ్చేసరికి ఇంకో వారం. కార్తీకం దగ్గరపడుతోంది. ఊరికే కూర్చోలేక ఇవాళ రాగి రేకును ఉత్తి హైడ్రోజన్‌లో కాల్చి శుభ్రం చేసి పెడదామని ఫర్నేస్ ఎక్కించాం.

దసరా ముచ్చట మాత్రం చెప్పాలి. ఆయుధపూజ చెయ్యాల్సిందేనని బుచ్చయ్య అన్న పట్టు. "ఏమండీ బుచ్చయ్య గారూ, పక్కన హైడ్రోజన్ సిలిండర్ ఉందండీ. అగ్గిపుల్ల గీశారంటే మనమందరం కలిసే పైకి పోతాం" అన్నారు మేడమ్. ఆమెది కాకినాడ, తిట్టినా మర్యాదగానే తిడతారు. "అట్లయితే మంట లేకుంట జేస్త మేడం" అన్నాడు. ఫర్నేస్‌కు పసుపు బొట్లు, పంపుకు పూలదండ, కంప్యూటర్‌కు నిమ్మకాయ. గొట్టం మీద బొట్టు పెట్టబోతే నేను పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను, వేలి తడి తగిలినా కాలినప్పుడు క్వార్ట్జ్ పాడవుతుంది. కొబ్బరికాయ మాత్రం గేటు బయట కొట్టాం. హారతి వెలిగించకుండా, కర్పూరం బిళ్లలు పళ్లెంలో ఉత్తగా తిప్పాడు.

మిగతాది రేపు రాస్తాను.

వదినా!! రేపు కాదు, ఇంకో కాగితం ఇప్పుడే తీసుకున్నాను. గబగబా రాస్తున్నాను, రాత అర్థం కాకపోతే తిట్టకు.

కాల్చిన రేకును వేడి పలక మీద పెట్టాను. మాకిది అలవాటు. ఉత్తి రాగి అయితే గాలి తగిలి కాసేపట్లో నల్లబడుతుంది, గ్రాఫీన్ కప్పిన చోట మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ఇవాళ మీథేన్ ఇవ్వలేదు కదా, మొత్తం నల్లబడాలి. నల్లబడలేదు! అక్కడక్కడ మచ్చలు తప్ప మిలమిలా మెరుస్తోంది. మేడమ్‌ను పిలిచాను. ఆమె కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కార్బన్ ఎక్కడినుంచి వచ్చిందండీ?" అని నన్నే అడుగుతారు!

అప్పుడు బుచ్చయ్య అన్న మెల్లగా దగ్గరికొచ్చాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. మీరు అగ్గి ముట్టియ్యొద్దన్నరు. పెట్టొద్దని అన్లే గద. మిషన్ బయటనే పూజైతే లోపట ఎట్ల? అందుకని గొట్టం కొసకు రెండు బిళ్లలు పెట్టిన. తీసుడు మర్చిన."

కర్పూరం! రేకును నేను ఇవతలి కొస నుంచి పెట్టాను, అవతలి కొసన బిళ్లలు ఉన్నాయని ఎవరు చూస్తారు? కర్పూరంలో ఎక్కువ భాగం కార్బనే. వేడికి ఆవిరై వెళ్లి రాగి మీద పరుచుకుంది. మేడమ్ కోపంతో ఏదో అనబోయి, రేకు వంక చూసి, పకపకా నవ్వారు. ఆమె అట్లా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కర్పూరంతో గ్రాఫీన్ చేసినవాళ్లు ఇదివరకే ఉన్నారట, మేం కనిపెట్టిందేమీ కాదట. కానివ్వు! మా షెడ్డులో ఇదే మొదటిసారి.

రేపే యూనివర్సిటీకి లేజర్ పరీక్షకు పంపుతున్నాం. లక్ష్మణ్ రాగానే ఈ ఉత్తరం ఇచ్చేస్తాను.

అఖిల

*

మహేశ్వరం,
అక్టోబరు

అఖిలా,

నీ రెండో కాగితం షెడ్డు వెనక నిలబడి చదివి ఒక్కదాన్నే నవ్వాను. కోళ్లు లేని షెడ్డులో ఎవరితో నవ్వుతున్నానని అత్తమ్మ తొంగి చూసింది. కర్పూరం డబ్బాలో మిగిలిందంతా నీకు పంపమంటావా? నాకు దాని వాసన తెలియడం లేదు, నీకైనా పనికొస్తుంది.

కంపెనీ పిల్లలు కార్తీక పున్నమి తర్వాత షెడ్డులో దిగుతాయి. ఆ లేజర్ ఏమందో తొందరగా రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

కవిత

*

గగన్‌పహాడ్,
నవంబరు

వదినా వదినా వదినా,

పెట్టె పంపుతున్నాను! ముందు కూర్చుని ఉత్తరం చదువు, తర్వాత విప్పు.

లేజర్ పరీక్షలో గ్రాఫీన్ అని తేలింది. కానీ మంచి గ్రాఫీన్ కాదు. చిల్లులు, అతుకులు, వంకరలు. పరీక్ష చేసినాయన "ఇంత నాసిరకం ఎందుకు పంపారు?" అని అడిగాడు. నేను ఏడవబోయాను. మేడమ్ మాత్రం, "ఆ చిల్లుల అంచుల దగ్గరే కదమ్మా వాయువు పట్టుకునేది. పెట్టి చూడు" అన్నారు. పెట్టాను. అమోనియా ఒక్క చుక్కంత వదిలానో లేదో, తెర మీద గీత నిటారుగా లేచింది! నేను అరిచాను. పక్క షెడ్డు వాళ్లు ఏదో పేలిందనుకుని వచ్చారు. వాళ్లకు నీళ్లు, బిస్కెట్లు ఇచ్చి పంపాం.

తర్వాత నెలంతా కర్పూరం తూచడంతోనే గడిచింది. ఎక్కువైతే మసి, తక్కువైతే బోడి రాగి. ఒకరోజు గొట్టమంతా నల్లగా మారింది, తోమి తోమి నా చేతులు పోయాయి. అమోనియా ఒకసారి అంటుకుంటే వదలకపోవడం ఇంకో గొడవ. అందుకని పొర కింద సన్నని వేడి పెట్టాం, ఆ వేడికి అది వదిలి వెళ్లిపోతుంది. కోళ్ల నూగు పడకుండా పలుచని వడపోత గుడ్డ వేశాం.

వాడటం సులువు. పచ్చ బల్బు అంటే మంచిగాలి. ఎర్రది వెలిగితే ఘాటు ఎక్కుతోందని, నీ కళ్లు మండడానికి చాలా ముందే. తలుపు దగ్గర కాదు, షెడ్డు అవతలి కొసన, పిల్లల ఎత్తులో కట్టు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది అమ్మే వస్తువు ఇంకా కాలేదు. మా గదిలో పని చేసింది, నిజమైన షెడ్డులో ఎప్పుడూ పెట్టలేదు. మేడమ్ "అవసరం అంత పెద్దదైనప్పుడు తొందరపడకూడదమ్మా" అన్నారు. నాకూ భయంగానే ఉంది. కానీ నీకు టైము లేదు. ఎర్రబల్బు వెలిగితే నమ్ము. పచ్చది వెలిగినా సరే, రోజూ ఒకసారి ఊక చేత్తో పట్టుకుని చూడు.

భయపడుతూ, గంతులేస్తూ,
అఖిల

*

మహేశ్వరం,
డిసెంబరు

అఖిలా,

ఇది పొడుగు ఉత్తరం. నువ్వూ కూర్చుని చదువు.

పిల్లలు దిగిన రెండో వారం. చలి ఎముకల్లోకి దిగుతోంది. పరదాలన్నీ కిందికి దించి, వెచ్చదనానికి బల్బుల కింద పిల్లలను పెట్టాను. అన్ని రోజులూ నీ పెట్టె పచ్చగానే ఉంది. నిన్న పొద్దున తలుపు తీసేసరికి అవతలి కొసన ఎర్రగా ఉంది! వాసనా లేదు, కళ్లూ మండలేదు. నీ బల్బు తప్ప నాకు ఇంకే ఆధారం లేదు. అబద్ధమైతే చలిగాలికి పిల్లలు పోతాయి. నిజమైతే ఊరుకున్నందుకు పోతాయి. నువ్వు నమ్మమన్నావు. గాలి రాని వైపు పరదా కొంచెం ఎత్తాను.

సరిగ్గా అప్పుడే మీ అన్న కిరాయి కారులో ఎవరినో ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు. నేరుగా షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి అరిచాడు.

"ఏం జేస్తున్నవ్? పిల్లలు సలికి సస్తయ్! దించు పరదా!"

"ఘాటు ఎక్కింది. అగో, ఎర్రబల్బు."

"గా పెట్టె మాట పట్టుకొని బ్యాచ్ అంత ఆగం జేస్తవా? నాకేం వాసనొస్తలేదు." వచ్చి తాడు పట్టుకున్నాడు. నేను వదల్లేదు. కాసేపు ఇద్దరం ఆ తాడు పట్టుకుని నిలబడ్డాం. అప్పుడు మీ అన్న ఏమడిగాడో తెలుసా? కొంచెం మెత్తబడి, "సరే, పెట్టెను విడువు. ఈ షెడ్డుల నీ ముక్కును మించింది లేదు గద. నీకొస్తుందా వాసన? వస్తదని చెప్పు, నేను పరదా దించ" అన్నాడు.

వస్తుందని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ అబద్ధం ఆడలేకపోయాను అఖిలా. నాకు శ్రద్ధ తగ్గిందని అనుకుంటున్నవాడు, నా ముక్కును మాత్రం ఇంకా నమ్ముతున్నాడు.

"నాకు రాదు" అన్నాను. "ఏడాదయింది. జ్వరమప్పుడు పోయింది, మళ్ల రాలే. పోయిన బ్యాచ్ అందుకే పోయింది. శ్రద్ధ లేక గాదు."

మీ అన్న తాడు వదిలేశాడు. తర్వాత ఏమన్నాడంటే:

"మరి రోజు నా షర్టు కంపు కొడుతుందని తిట్టుడేంది?"

నాకు నవ్వాగలేదు. "అలవాటు గద, ఆపితే నీకు అనుమానం వస్తదని" అన్నాను. నవ్వుతూనే ఏడ్చాను. కొంగుతో ముఖం తుడుచుకుని, "ముందు అటు నడువు. కిందికి వంగు, పిల్లల ఎత్తుకు" అని అవతలి కొసకు లాక్కెళ్లాను. వంగాడు. అంతే, దగ్గుతూ కళ్లు తుడుచుకుంటూ లేచాడు. నిలబడిన మనిషికి తెలియని ఘాటు అక్కడ కింద కూర్చుని ఉంది!

ఊక కిందికి చెయ్యి పెట్టి చూస్తే తడి. నీళ్ల పైపు అతుకు దగ్గర కారుతోంది. పైన ఊక పొడిగానే ఉంది, కిందికి మాత్రం మూల మొత్తం నానింది. రోజూ చేత్తో పట్టి చూడమన్నావు, చూస్తూనే ఉన్నాను, ఆ మూలకు పోలేదు. మీ అన్న ప్యాంటు మడిచి పార పట్టాడు. తడి ఊకంతా ఎత్తి పోశాం, కొత్తది పరిచాం, బల్బులు ఇంకో వరుస కట్టాం. మధ్యాహ్నానికి నీ పెట్టె పచ్చబడింది. ఒక్క పిల్లకు కూడా కన్ను నీరు కారలేదు. ఒక్కదానికి కూడా!

నువ్వు ఇక్కడుంటే ఎత్తుకుని తిప్పేదాన్ని.

కవిత

*

గగన్‌పహాడ్,
మర్నాడే

వదినా,

ఉత్తరం మేడమ్‌కు, బుచ్చయ్య అన్నకు గట్టిగా చదివి వినిపించాను. (షర్టు ముచ్చట కూడా. అన్నకు చెప్పకు.) బుచ్చయ్య అన్న టవల్‌తో కళ్లు ఒత్తుకుని, "నేను బిళ్లలు తీసుడు మర్చింది మంచిదే అయింది" అంటున్నాడు. మేడమ్ నేరుగా వెళ్లి ఫర్నేస్ ఆన్ చేశారు. ఇంకా చెయ్యాలట! నిజమైన షెడ్డులో, నిజమైన కోళ్ల మధ్య పని చేసింది వదినా! నాకు ఇవాళ భూమ్మీద కాలు నిలవడం లేదు.

ఒక్క సంగతి రాయలేదు నువ్వు. అన్న ఆ తర్వాత ఏమన్నాడు? గోదాము మాట ఏమైంది? అమ్మకు తెలిసిందా? వెంటనే రాయి. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నువ్వు రాస్తేనే బాగుంటుంది.

అఖిల

*

మహేశ్వరం,
జనవరి మొదటివారం

అఖిలా,

ఆగి ఆగి రాస్తున్నాను, ఎందుకంటే బ్యాచ్ పెరిగి కంపెనీ వ్యాను ఎక్కేదాకా నాకే నమ్మకం లేదు. మొన్న ఎక్కింది. కోళ్లు బరువుగా, కళ్లు తేటగా ఉన్నాయి. సూపర్‌వైజర్ ఒక్కో కోడిని పట్టుకుని కళ్లు చూశాడు. తర్వాతి బ్యాచ్ పిల్లలను ఎప్పుడు దింపుతారో తేదీ చెప్పి వెళ్లాడు. నీ పెట్టె దగ్గర కాసేపు నిలబడి, ఎవరు చేశారని అడిగాడు. మా ఆడబిడ్డ అన్నాను. ఎంత గొప్పగా అన్నానో నువ్వు వినాల్సింది.

అత్తమ్మకు చెప్పేశాను. మొదట తిట్టింది, తర్వాత పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఏ కూర వండినా గిన్నె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఎట్లా ఉందో నాకు పూసగుచ్చినట్టు చెప్తోంది. "ఇగో, మెంతి కమ్మగ వస్తున్నది, ఎల్లిపాయ జర తక్కువైంది" అని. నాకిప్పుడు కూర వాసన చెవులతో తెలుస్తోంది.

మీ అన్న ఆ రోజు నుంచి గోదాము ఊసెత్తలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమంటాడో అని భయం. ఇవాళ ఆ పార్సిళ్ల కంపెనీ మనిషే వచ్చాడు, కొలిచే టేపు చేతిలో పట్టుకుని. నేను షెడ్డు లోపల పాత ఊక ఎత్తుతున్నాను. గేటు దగ్గర వాళ్లిద్దరి మాటలూ వినబడ్డాయి. నేను పార ఆపి విన్నాను.

"షెడ్డు ఖాళీగ ఉన్నది గద అన్నా, కొల్చుకుంట" అన్నాడతను.

"ఖాళీ లేదు" అన్నాడు మీ అన్న. "పిల్లలు దిగేదున్నది."

"నువ్వే గదనే ఇస్తనన్నది? షెడ్డు నీదే గద?"

ఇన్నేళ్లలో బయటివాళ్ల ముందు నన్ను 'మా ఇంట్లామె' అనడమే గానీ మీ అన్న నోట నా పేరు రాలేదు, నీకు తెలుసు. ఇవాళ ఊరంతా వినేట్టు అన్నాడు:

"నాది గాదు. ఇది కవిత షెడ్డు."

నీ వదిన,
కవిత